వర్ణపరిచయము వ్రాసిన విద్యాసాగరుడు

1855వ సంవత్సరము ఏప్రిల్ నెలలో కలకత్తా నగరమున ఒక చిన్న పుస్తకము అచ్చయ్యెను. పుటలు కొలదివి. అందు అలంకారశాస్త్రచర్చ లేదు; వేదాంతవిచారము లేదు; కావ్యవ్యాఖ్య లేదు. అకారము మొదలుకొని అక్షరములు, వాని వెంట చిన్న చిన్న మాటలు, ఆ పిదప రెండేసి మాటల కూర్పులు, కట్టకడపట బాలురకు తెలియు సంగతులతో కూడిన పాఠములు మాత్రమే కలవు. ఆ పుస్తకమును వ్రాసినవాడు వీధిబడి పంతులు కాడు. కలకత్తా సంస్కృత కళాశాలకు అధ్యక్షుడు. వ్యాకరణ కావ్యాలంకారములను, వేదాంత న్యాయ ధర్మశాస్త్రములను అభ్యసించి విద్యాసాగర బిరుదమును వడసిన మహాపండితుడు. అట్టివాడు అయిదేండ్ల బాలుని పలక చెంత కూర్చుండి అక్షరములు దిద్దించు పుస్తకము వ్రాయుటకు ఏల పూనుకొనెను? దీనికి సమాధానము ఆయన జీవితమంతట వ్యాపించియున్నది.

ఈశ్వరచంద్రుడు 1820వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన వంగదేశమందలి బీర్‌సింగ గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నాడు హుగ్లీ జిల్లాలో చేరియుండెను. నేడు పశ్చిమ మేదినీపుర జిల్లాలోనిది. తండ్రి ఠాకూర్‌దాస్ బందోపాధ్యాయుడు, తల్లి భగవతీదేవి. కులము గొప్పదే గాని కలిమి లేదు. ఠాకూర్‌దాసు పసితనముననే పొట్టపోసికొనుటకై కలకత్తా చేరి, పస్తులుండి, మొదట నెలకు రెండు రూపాయల కొలువు సంపాదించి, అదియే మహాభాగ్యమని ఇంటికి పంపినవాడు. శిశువు పుట్టిన దినమున ఠాకూర్‌దాసు ఊర లేడు. సంతకు పోయి తిరిగివచ్చుచుండగా పితామహుడైన రామజయ తర్కభూషణుడు ఎదురేగి, ఇంట కోడెదూడ పుట్టినదని చెప్పెను. ఇంటి ఆవు నిండుచూలుతో నుండుటచే ఠాకూర్‌దాసు నిజమని నమ్మి పశువులకొట్టమువైపు నడచెను. వృద్ధుడు నవ్వుచు, అటు కాదు ఇటు రమ్మని పురిటిగది చూపెను. మనుమడు కోడెవలె మొండిపట్టు గలవాడగునని ఆ తాత పరిహాసముగా పలికిన మాట వట్టిపోలేదు.

అయిదవయేట ఈశ్వరచంద్రుని కాళీకాంత చట్టోపాధ్యాయుడను ఉపాధ్యాయుని పాఠశాలలో వేసిరి. ఆనాటి వంగదేశపు పల్లెబడులలో బాలురు మొదట నేలమీదను, పిదప తాటియాకులమీదను, ఆ వెనుక అరటియాకులమీదను, తుదకు కాగితముమీదను వ్రాయుట నేర్చుకొనుచుండిరి. లెక్కలు, ఉత్తరములు, పత్రములు వ్రాయుటయే ఆ చదువునకు పరమావధి. బాలుడు గుమాస్తాగిరికి పనికివచ్చిన చాలును. అచ్చుపుస్తకము అరుదు, తనంతట తాను ఒక కథను చదివి ఆనందించు బాలుడు అంతకంటె అరుదు. కాళీకాంతుడు మాత్రము బాలురను లాలించి చదువు చెప్పునట్టి సహృదయుడు. ఈశ్వరచంద్రుడు ఊరివారి తోటలలో దూరి కాయలు కోసి, అల్లరిచేసి, తిట్లు తినినను, చదువునందు మాత్రము అందరిని మించియుండెను. ఆ గురువును ఆయన జీవితాంతము భక్తితో తలచుకొనెను.

1828లో, ఎనిమిదేండ్లు నిండిన పిమ్మట, తండ్రి ఆ బాలుని కలకత్తాకు తీసికొనిపోయెను. త్రోవ సుమారు 50 మైళ్లు. కాలినడకయే గతి. కాళీకాంతుడును, ఆనందరాముడను సేవకుడును వెంటనుండిరి. కాలు నొచ్చినపుడు సేవకుడు బాలుని భుజమున నెత్తుకొనుచుండెను. సాల్కియాకు పోవు రాజమార్గమున చేరినంతనే దారిప్రక్కన పాతియున్న రాళ్లు బాలుని కంటబడినవి. అవి మసాలా నూరు సన్నెకల్లువలె కనబడుటచే, దారిలో సన్నెకల్లును ఏల పాతిరని తండ్రిని అడిగెను. తండ్రి నవ్వి, అవి మైలురాళ్లనియు, కలకత్తా ఇంకను ఎన్ని మైళ్లున్నదో వానిపై ఇంగ్లీషు అంకెలలో చెక్కియుందురనియు చెప్పెను. మొదట కనబడిన రాయి 19వది. ఒకటి ఇదియు తొమ్మిది ఇదియు అని తండ్రి చూపెను. ఆ వెనుక ప్రతి మైలురాయి కడను బాలుడు నిలిచి, అంకెను తేరిపార చూచి, 10వ రాయి వచ్చునప్పటికి ఇంగ్లీషు అంకెలన్నియు తనకు వచ్చినవని చెప్పెను.

తండ్రికి సందేహము కలిగెను. 19 పిదప 18, ఆ పిదప 17 వచ్చునని వరుసనుబట్టి చెప్పుచున్నాడా, లేక నిజముగా అంకె రూపమును గుర్తించుచున్నాడా? దీనిని పరీక్షింపనెంచి, 6వ రాయి వచ్చినపుడు బాలుని మాటలలో పెట్టి, దానిని చూడనీయక దాటించి, 5వ రాయిని చూపి ఇది యెన్నవదని అడిగెను. బాలుడు రాతిని చూచి, ఇది ఆరవది కావలసియుండగా చెక్కినవారు పొరపాటున అయిదు చెక్కిరని సమాధానము చెప్పెను. తండ్రి ఉప్పొంగిపోయెను. కాళీకాంతుడు శిష్యుని గడ్డము పుణికి దీవించెను.

ఈ వృత్తాంతమును విద్యాసాగరుడే తన అసంపూర్ణమైన స్వీయచరిత్రలో వ్రాసియున్నాడు. దీనిని సాధారణముగా బాలుని బుద్ధిసూక్ష్మతకు నిదర్శనముగా చెప్పుకొందురు. కాని ఇందు తండ్రి చేసిన పనియు గమనింపదగినది. ఆయన బాలుని ప్రశ్నను విసుగుకొనక ఆలకించెను. కంటి యెదుటనున్న వస్తువునే పుస్తకముగా చేసెను. వరుసను వల్లించుట వేరు, రూపమును గుర్తించుట వేరు అని ఎరిగి, వరుస తప్పించి అడిగెను. ఆ పరీక్షయే ఇరువదియేడేండ్ల పిదప ఒక చిన్న పుస్తకములో మరల కనబడును.

కలకత్తాలో తండ్రికొడుకులు బడాబజారునందు ఒక గృహస్థుని యింట తలదాచుకొనిరి. ఆ గృహమందలి రాయిమణి యను వితంతువు తల్లిని విడిచివచ్చిన పిల్లవానిని కన్నకొడుకువలె సాకెను. ఆమె వాత్సల్యము వలననే తనకు స్త్రీజాతియెడ పక్షపాతము కలిగినదని ఆయన తరువాత వ్రాసికొనెను. 1829 జూన్ నెలలో ఈశ్వరచంద్రుడు సంస్కృత కళాశాలలో వ్యాకరణ తరగతియందు చేరెను. తండ్రి కొలువు ముగించుకొని రాత్రి తొమ్మిది గంటలకు ఇల్లు చేరి, ఆ దినమున చెప్పిన పాఠమును కొడుకుచే అప్పగింపించుకొనుచుండెను. కునికిపాట్లు పడినచో దెబ్బలు తప్పవు. నిద్ర రాకుండుటకై బాలుడు కన్నులలో ఆవనూనె పెట్టుకొనెడివాడని చెప్పుదురు. కొంత కాలమునకు తమ్ములును వచ్చి చేరగా, వంటపనియు ఆయనమీదనే పడెను. పొయ్యి యెదుట పుస్తకము విప్పుకొని చదువుచుండెను.

ఆ కళాశాలలో ముగ్ధబోధ వ్యాకరణమును సంస్కృత సూత్రములతోనే బోధించుచుండిరి. తొమ్మిదేండ్ల బాలుడు తనకు రాని భాషను నేర్చుకొనుటకు ఆ రాని భాషలోనే వ్రాసిన సూత్రములను వల్లించవలెను. అర్థము తెలియక మునుపే సూత్రము కంఠస్థము కావలెను. ఈశ్వరచంద్రుడు ఆ కష్టమును దాటెను; బహుమతులు, విద్యార్థి వేతనము పొందెను; 1839లో ధర్మశాస్త్ర పరీక్షలో నెగ్గి విద్యాసాగర బిరుదమును పొందెను. సామాన్యముగా కష్టపడి మెట్టెక్కినవాడు తరువాతివారును అట్లే కష్టపడవలెనని కోరును. ఈయన మాత్రము ఆ మెట్లను తగ్గింపనెంచెను. నడివయసున సంస్కృతము నేర్వగోరిన రాజకృష్ణ బందోపాధ్యాయుడను మిత్రునికొరకు వ్యాకరణసారమును వంగభాషలో సంగ్రహించి ఇచ్చెననియు, అదియే 1851లో అచ్చయిన ఉపక్రమణికకు మూలమనియు చెప్పుదురు. దాని వెనుక వ్యాకరణకౌముది వెలువడెను. అనేక వత్సరములు పట్టు చదువు ఆ గ్రంథముల వలన మిక్కిలి సులభమయ్యెను.

1841లో ఆయన ఫోర్ట్ విలియం కళాశాలయందు నెలకు 50 రూపాయల వేతనముతో ప్రధాన పండితుడుగా ప్రవేశించెను. అచ్చటి విద్యార్థులకై బేతాళ కథలను వంగవచనమున రచించి 1847లో ప్రకటించెను. ఆ యేటనే, మిత్రుడు మదనమోహన తర్కాలంకారునితో కలిసి, 600 రూపాయలు అప్పుచేసి సంస్కృత ముద్రణాలయమును స్థాపించెను. మంచి పుస్తకము వ్రాసిన చాలదు, తప్పులు లేక అచ్చు వేయవలెను, అది పిల్లవాని చేతికి అందవలెను అని ఆయన ఆదినుండియు ఎరుగును. మదనమోహనుడు 1849లో శిశుశిక్షను వ్రాసెను. అది ఆ యేటనే కలకత్తాలో బెథూన్ దొర నెలకొల్పిన బాలికా పాఠశాలకై వ్రాసినది. తన ఇరువురు కుమార్తెలను ఆ బడికి పంపి, లోకుల నిందకు గురియైన ధీరుడు ఆ తర్కాలంకారుడు.

1851 జనవరిలో విద్యాసాగరుడు సంస్కృత కళాశాలకు అధ్యక్షుడయ్యెను. బ్రాహ్మణ వైద్య కులములవారికే పరిమితమైయున్న ప్రవేశమును మొదట కాయస్థులకును, తరువాత తక్కిన హిందువులకును కలుగజేసెను. 1853లో స్వగ్రామమందు బాలురకు ధర్మ పాఠశాలను, పగలు పొలము పనిచేయువారికి రాత్రి పాఠశాలను తెరచెను. తల్లిని ఏ నగలు కావలెనని కొడుకు అడుగగా, ఊరిలో బడి, ధర్మవైద్యశాల, పేదలకు అన్నసత్రము అను మూడే తనకు నగలని ఆమె కోరెనని ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు.

1855లో ప్రభుత్వమువారు హుగ్లీ, బర్ద్వాను, మేదినీపురము, నదియా అను నాలుగు జిల్లాలకు ఆయనను విశేష పాఠశాలా పరీక్షాధికారిగా నియమించిరి. కళాశాల పనియు ఆయనదే, ఇదియు ఆయనదే. రెంటికిని కలిపి నెలకు 500 రూపాయల వేతనము. ఆ నాలుగు జిల్లాలలో జిల్లాకు అయిదు చొప్పున, 1855 ఆగస్టు మొదలు 1856 జనవరి లోపల, 20 ఆదర్శ పాఠశాలలను తెరచెను. పల్లె పల్లెకు పల్లకిలో పోవుచు, ఆ కదలు పల్లకిలోనే వర్ణపరిచయమును వ్రాసెనని ప్రసిద్ధి. మొదటి భాగము ఏప్రిల్‌లోను, రెండవ భాగము జూన్‌లోను అచ్చయినవి.

ఆ పుస్తకమందలి క్రమము పరిశీలింపదగినది. అంతకుమున్ను వంగాక్షరములు 16 అచ్చులు, 34 హల్లులు అని లెక్కింపబడుచుండెను. దీర్ఘమైన ౠకారము, దీర్ఘమైన ౡకారము వంగభాషలో ఎచ్చటను వాడుకలో లేవు. అయినను పిల్లలు వానిని దిద్దుచునే యుండిరి. మన తెలుగు పలకలమీదను ఈ అక్షరములను ఎందరో బాలురు దిద్ది, మరల జన్మలో వాడియుండరు. విద్యాసాగరుడు వానిని తొలగించెను. అనుస్వార విసర్గములను అచ్చులనుండి తీసి హల్లులలో చేర్చెను; అచ్చులు పండ్రెండయినవి. క్షకారము రెండక్షరముల కూడిక గనుక దానిని సంయుక్తాక్షరములలోనికి మార్చెను. పలుకుబడిలో వేరైయుండియు వ్రాతలో వేరుగా లెక్కకురాని డ, ఢ, య ల భేదరూపములను చుక్క గుర్తుతో ప్రత్యేకాక్షరములుగా నిలిపెను. శాస్త్రము చదివిన పండితుడు శాస్త్రగౌరవముకంటె శిశువు నోటి పలుకునకు ఎక్కువ విలువ ఇచ్చెను.

అక్షరములు వరుసగా చెప్పిన వెంటనే, ఆ పుస్తకమున అవే అక్షరములు వరుస తప్పించి మరల అచ్చు వేయబడినవి. అది బాలునికి పరీక్ష. కంఠపాఠముగా ఒప్పగించువాడు అచ్చట ఆగిపోవును; రూపమును ఎరిగినవాడు సాగిపోవును. సాల్కియా మార్గమున తండ్రి ఆరవ రాతిని దాచి అయిదవదానిని చూపిన యుక్తియే ఇది. ఆ పిదప గుణింతపు గుర్తులు లేని మాటలు. ఆ మీదట ఒక్కొక్క గుర్తుతో కూడిన మాటలు. అటుపిమ్మట వానచినుకు, ఆకు, పక్షి, ఇల్లు, బడి మున్నగు నిత్యము కంటబడు వస్తువులను గూర్చిన చిన్న వాక్యములు. ఒక మెట్టుమీద కాలు నిలిచినగాని పై మెట్టు రాదు. రవీంద్రనాథ ఠాకూరు తన బాల్యస్మృతులలో, గుణింతముల తుపానును దాటి ఒడ్డు చేరిన దినమున, వాన కురియుటను ఆకు కదలుటను గూర్చిన చిన్ని వాక్యము తనకు ఆదికవి మొదటి కవితవలె తోచెనని వ్రాసికొన్నాడు. అక్షరము అర్థమై, అర్థము ఆనందమైన క్షణమది. ఆ క్షణము రానిదే బాలుడు చదువరి కాడు.

రెండవ భాగమునకు విద్యాసాగరుడు వ్రాసిన పీఠిక ఉపాధ్యాయులందరు తెలిసికొనదగినది. ఆ భాగము సంయుక్తాక్షరములను నేర్పునది. ఉదాహరణములుగా ఇచ్చిన కఠిన పదములకు అర్థములు చెప్పబూనవలదనియు, అక్షర విభాగమును మాత్రమే నేర్పవలెననియు, రెండును ఒక్కమారు నేర్పబోయినచో గురుశిష్యులిరువురును బాధపడుదురనియు ఆయన హెచ్చరించెను. వట్టి పదముల పట్టికలనే చదివించినచో పిల్లలకు విసుగు పుట్టును గనుక, నడుమ నడుమ వారికి పూర్తిగా బోధపడు సంగతులతో, తేట మాటలతో పాఠములను కూర్చితిననియు, ఆ పాఠముల భావమును మాత్రము బాలుర మనస్సునకు చక్కగా పట్టించవలెననియు తెలిపెను. కఠినమైన దానిని ఎంతవరకు నేర్పవలెనో, ఎచ్చట ఆపవలెనో, ఎచ్చట కథ చెప్పి సేదదీర్పవలెనో ఎరుగుటయే బోధనమర్మము.

మొదటి భాగము చివర గోపాలుడు, రాఖాలుడు అను ఇద్దరు బాలురు కనబడుదురు. గోపాలుడు పెట్టినది తిని, కట్టినది కట్టి, వేళకు బడికి పోయి చదువుకొనువాడు. రాఖాలుడు దారిలో ఆడుచు ఆలస్యముగా పోయి, పుస్తకమును పారవైచుకొనువాడు. వంగదేశమున తరతరముల బాలురు ఈ ఇద్దరిని తమ తోటివారివలె ఎరుగుదురు. రచయిత గోపాలుని మెచ్చుకొనినను, ఆయన బాల్యము రాఖాలుని బాల్యమునకే దగ్గరగా నుండెనని రవీంద్రుడు చమత్కరించెను. అది నిజమే. పుస్తకము మంచి బాలునికి ఒక్క అచ్చునే చూపినది. లోకమున మంచి బాలురు పెక్కు అచ్చులవారు. ఇది ఆ పుస్తకమందలి లోపమనవచ్చును.

రెండవ భాగము చివరనున్న భువనుని కథ మరింత తీవ్రమైనది. తల్లిదండ్రులు లేని భువనుని పినతల్లి పెంచుచుండును. వాడు ఒకనాడు బడిలో తోటివాని పుస్తకమును దొంగిలించి తెచ్చును. ఆమె తెలిసికొనియు దండింపదు. దొంగతనము పెరిగి పెద్దదై, తుదకు వానికి ఉరిశిక్ష పడును. కడసారి చూడవచ్చిన పినతల్లి చెవిని వాడు కొరికి, మొదటి దినముననే నన్ను మందలించియున్నచో నాకీ గతి పట్టకుండెడిది గదా యని నిందించును. ఈ కథ ఎనిమిదేండ్ల పిల్లలకు మిక్కిలి కటువుగా తోచును. కాని ఇది పిల్లవానికి ఎంత చెప్పుచున్నదో, ప్రక్క గదిలో వినుచున్న పెద్దలకును అంత చెప్పుచున్నది. బడి నేర్పినదానిని ఇల్లు నిలుపనిచో ఆ చదువు నిలువదని విద్యాసాగరుని దృఢాభిప్రాయము.

వర్ణపరిచయమును ముగించిన బాలుడు మరునాడు ఏమి చదువవలెను? పెక్కురు ఈ ప్రశ్న అడుగక విడుతురు. ఆయన విడువలేదు. 1856లో ఈసపు నీతికథలను కథామాల పేర ప్రకటించెను. ఆ యేటనే, పేదరికమున పుట్టి విద్యచే పైకివచ్చిన విదేశీయుల జీవితములను చరితావళి పేర వెలువరించెను. అంతకుముందే 1851లో, కంటికి కనబడు ప్రపంచమును గూర్చి బోధోదయమును వ్రాసియుండెను. 1863లో ఆఖ్యానమంజరి వచ్చెను. ఇంకను ఎదిగినవారికి 1854లో శకుంతల, 1860లో సీతా వనవాసము అను వచనగ్రంథములు కలవు. ఒక్కడే రచయిత అక్షరము మొదలు కాళిదాస భవభూతుల వాకిలి వరకు ఒకే నిచ్చెన కట్టెను. ఏ మెట్టునకు ఆ మెట్టే. ఏ మెట్టును లోపము లేదు. ఆ దశాబ్దముననే, 1853లో, చెన్నపట్టణమున పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను ప్రకటించుట ఇచ్చట స్మరింపదగినది. పండితులు బాలురకొరకు వచనము వ్రాయబూనిన శుభకాలమది.

పుస్తకము ఎంత మంచిదైనను చెప్పువాడు లేనిదే చాలదు. అందుచే 1855 జూలై 17వ తేదీన, ఉపాధ్యాయులను తయారుచేయుటకై ఒక నార్మల్ పాఠశాలను సంస్కృత కళాశాలయందే ప్రారంభించెను. ప్రసిద్ధ వచనరచయిత అక్షయకుమార దత్తుడు దానికి ప్రధానోపాధ్యాయుడు. ఉదయవేళ ఉపాధ్యాయులకు పాఠములు. తరువాత వారు తిరిగి పల్లెలకు.

గురువు సిద్ధమైనను ఇంట తల్లి నిరక్షరాస్యురాలైనచో పని సగమే. విద్యాసాగరుడు 1850 చివరనుండి బెథూన్ బాలికా పాఠశాలకు కార్యదర్శిగా నుండెను. బాలికలను తీసికొనివచ్చు బండిపై, కొడుకువలెనే కూతురిని కూడ శ్రద్ధతో పెంచి చదివింపవలెనను భావము గల సంస్కృత వాక్యమును వ్రాయించెను. 1856లో ఆయన కృషివలన వితంతు పునర్వివాహ శాసనము వచ్చెను. ఆ యేడు డిసెంబరు 7వ తేదీన మొదటి వివాహము జరిగెను. ఆ మహాకార్యపు సందడి అణగకమునుపే, 1857 నవంబరు మొదలు 1858 మే వరకు, ఏడు నెలలలో 35 గ్రామములయందు బాలికా పాఠశాలలను తెరపించెను. సుమారు 1300 మంది బాలికలు చేరిరి. నెలకు వ్యయము 845 రూపాయలు. అధికారుల నోటిమాట నమ్మి పని మొదలిడెను. సిపాయిల తిరుగుబాటుచే ఖజానా తరిగియున్న ప్రభుత్వము సొమ్ము మంజూరు చేయ నిరాకరించెను. పంతుళ్ల జీతములు బాకీపడెను. అంతవరకైన వ్యయమును ప్రభుత్వము తుదకు చెల్లించెనే గాని, శాశ్వత సహాయమునకు సమ్మతింపలేదు. పై అధికారులతో అభిప్రాయభేదములు ముదిరినవి. 1858లో, 38 ఏండ్ల వయసున, నెలకు 500 రూపాయల ఉద్యోగమును ఆయన త్యజించెను. బాలికా పాఠశాలలు మూతపడకుండ మిత్రులనుండి చందాలు పోగుచేసి, తన పుస్తకముల ఆదాయమును చేర్చి నడుపుచు వచ్చెను. పిల్లలకొరకు వ్రాసిన పుస్తకముల సొమ్ము పిల్లల బడులకే చేరెను.

ఆయన అభిప్రాయములన్నియు నేటివారికి సమ్మతములు కావు. 1859లో ప్రభుత్వమునకు వ్రాసిన ఒక లేఖలో, ఉన్న కొద్ది ధనముతో పై తరగతులవారికి చక్కని విద్య నేర్పుటయే మేలనియు, సామాన్యులందరికి విద్య గరపుట అప్పటికి సాధ్యము కాదనియు అభిప్రాయపడెను. కాని ఆయన చేతులు ఆ లేఖను మించి నడచినవి. సొంత ఊరి రాత్రిబడి ఒక నిదర్శనము, కర్మాటాడ్ మరియొకటి.

గ్రంథములయెడ ఆయనకు గల మమకారము లోకప్రసిద్ధము. సొంత గ్రంథాలయమందలి పుస్తకములకు మేలైన తోలు అట్టలు కట్టించుచుండెను. ఒక ధనికుడు అది చూచి, ఇంత వ్యయమేలయని అడుగగా, మీ గడియారమునకు బంగారు గొలుసేల, జనపత్రాడు చాలదా యని ఆయన తిరిగి అడిగెనని ఒక కథ కలదు. ఆ గ్రంథములు తరువాత కలకత్తాలోని వంగీయ సాహిత్య పరిషత్తునకు చేరి భద్రపరుపబడినవి.

వృద్ధాప్యమున బంధువుల కలహములచేత మనసు విరిగి, ఆయన 1869లో స్వగ్రామమును విడిచెను. మరల ఆ ఊరు చూడలేదు. 1870 తరువాతి దశాబ్దమున సంథాలుల సీమయందలి కర్మాటాడ్ అను చోట చిన్న ఇల్లు కట్టుకొని, యేటికి కొన్ని నెలలు అచ్చట గడుపుచుండెను. నేడు ఆ ప్రదేశము జార్ఖండ్ రాష్ట్రమున నున్నది. అచ్చటి రైలుస్టేషనుకు విద్యాసాగర్ అనియే పేరు. అచ్చట హోమియోపతి మందులిచ్చుచు, సంథాలులు తెచ్చు మొక్కజొన్న పొత్తులు కొనుచు, వారి పిల్లలకు బడి నడపెను. వంగదేశపు పాఠశాలలన్నిట ఎవని పుస్తకము చదువుచుండిరో, ఆ పండితుడే అడవిబిడ్డల చేత అక్షరములు దిద్దించెను. 1891వ సంవత్సరము జూలై 29వ తేదీన కలకత్తాలో ఆయన దేహయాత్ర ముగిసెను.

ఆంధ్రదేశమున కందుకూరి వీరేశలింగము పంతులును దక్షిణదేశ విద్యాసాగరుడని పిలిచిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించుటచే ఆ పేరు వచ్చినది. పంతులుగారును బాలికల బడి పెట్టిరి. స్త్రీలు చదువుటకు పత్రిక నడపిరి. తేట వచనమున కథలు వ్రాసిరి. సంస్కర్తలిద్దరికిని, చదువ నేర్వని ఇంట సంస్కారము నిలువదను సంగతి తెలియును.

విద్యాసాగరుని జీవితమున వేయి ఘనకార్యములుండగా, అయిదేండ్ల పిల్లల పుస్తకమును ముఖ్యముగా ఎంచుట వింతగా తోచవచ్చును. కాని శాసనములు వ్రాయువారు పెక్కురు కలరు. పిల్లవాడు ఎచ్చట తడబడునో కనిపెట్టి, ఆ తావున ఒక మెట్టు కట్టువారు అరుదు. బాలుడు చదువరి యగుటకు మూడు కావలెనని ఆయన జీవితము తెలుపుచున్నది. ప్రశ్నకు విసుగుకొనని ఇల్లు, వరుస తప్పించి అడుగనేర్చిన బడి, ఒక పుస్తకము ముగించిన మరునాడు చేతికందు ఇంకొక పుస్తకము. మొదటి రెండును తల్లిదండ్రులవి, ఉపాధ్యాయులవి. మూడవది గ్రంథాలయముది. గ్రామ గ్రంథాలయమున క్రింది బీరువాలో, పిల్లల చేతికందు ఎత్తున, నాలుగు మంచి కథల పుస్తకములుండి, ఆ బీరువా తాళము తీసియుండినచో, విద్యాసాగరుడు కట్టిన నిచ్చెన ఆ ఊరికిని చేరినట్లే.